రేసులు వస్తాయి, నిలవవు: ప్రపంచ మోటార్ రేసింగ్‌కు భారత్‌లో నిలకడ ఎందుకు లేదు?

సంక్షిప్తంగా: 2011 నుంచి 2023 వరకు మూడు ప్రపంచ స్థాయి మోటార్ రేసింగ్ పోటీలు భారత్‌కు వచ్చాయి. ఫార్ములా వన్ మూడేళ్లు నడిచింది. విద్యుత్ కార్ల పోటీ ఫార్ములా ఈ, మోటార్‌సైకిళ్ల పోటీ మోటోజీపీ ఒక్కొక్కసారితోనే ఆగిపోయాయి. పన్నులు, రాజకీయాలు, ప్రేక్షకుల కొరత అనే కారణాలు తరచూ వినిపిస్తాయి. వాటన్నిటి అడుగునా ఒకే ప్రశ్న ఉంది: ఏటా రేసు మిగిల్చే నష్టం ఎవరి ఖాతాలో పడాలి? ఈ లెక్క ముందే తేల్చుకున్న చోట్ల రేసులు ఎక్కువ కాలం నిలిచాయి. ఇక్కడ మాత్రం ఒప్పందంపై సంతకాలు అయ్యాకే ఆ చర్చ మొదలవుతోంది.

హైదరాబాద్‌లో రెండో ఫార్ములా ఈ రేసు 2024 ఫిబ్రవరి 10న జరగాల్సి ఉండగా, అది రద్దయినట్లు నిర్వాహకులు జనవరి 5న ప్రకటించారు. అప్పటికి మిగిలిన గడువు ఐదు వారాలే. అదే ఏడాది మే నెలాఖరులో, సెప్టెంబరుకు ఖరారైన మోటోజీపీ భారత్ రేసు కూడా క్యాలెండర్ నుంచి తప్పుకుంది. దానికి పదేళ్ల ముందు గ్రేటర్ నోయిడా నుంచి ఫార్ములా వన్ ఇలాగే వెళ్లిపోయింది. 2014లో ఒక్క ఏడాది విరామమని, 2015 మొదట్లో మళ్లీ వస్తుందని అప్పట్లో చెప్పారు. ఆ 2015 రానే లేదు.

మూడు పోటీలు, మూడు వేర్వేరు హక్కుదారు సంస్థలు (పోటీ వాణిజ్య హక్కులున్న కంపెనీలు), రెండు వేర్వేరు రాష్ట్రాలు. అయినా ముగింపు ఒకేలా ఉండటాన్ని యాదృచ్ఛికమని కొట్టిపారేయడం కష్టం. హైదరాబాద్ విషయంలో చర్చంతా రేసు చెల్లింపులపై ఆ తరువాత వచ్చిన అవినీతి కేసు చుట్టూ, నోయిడా విషయంలో పన్నుల చుట్టూ తిరగడంతో, ఈ మూడింటినీ కలిపి చూసే అవసరం మరుగున పడింది.

హక్కులు ఒకరివి, ఖర్చు మరొకరిది

క్రికెట్‌కు అలవాటుపడిన పాఠకులకు మోటార్ రేసింగ్ ఆర్థిక వ్యవస్థ మొదట తలకిందులుగా కనిపిస్తుంది. క్రికెట్‌లో ఆతిథ్య బోర్డుకు ప్రసార హక్కుల సొమ్ము వస్తుంది. ఫార్ములా వన్‌లో రేసు నిర్వహించే స్థానిక సంస్థ, అంటే ప్రమోటర్, తానే ఎదురు డబ్బు చెల్లించి రేసును తెచ్చుకోవాలి. ఈ ఆతిథ్య రుసుముకు తోడు సర్క్యూట్ నిర్మాణం, నిర్వహణ, భద్రత, వైద్య ఏర్పాట్లు, సిబ్బంది ఖర్చులు కూడా ప్రమోటర్‌వే. ప్రసార హక్కుల ఆదాయం హక్కుదారు సంస్థకు పోతుంది. ట్రాక్ పక్కన కనిపించే ప్రధాన ప్రకటనల సొమ్ము కూడా చాలావరకు అటే. ఖరీదైన అతిథి గ్యాలరీల వ్యాపారం సైతం హక్కుదారు అనుబంధ సంస్థల చేతిలోనే ఉంటుంది. ప్రమోటర్‌కు ప్రధానంగా మిగిలేవి టికెట్లు, కొన్ని స్థానిక స్పాన్సర్‌షిప్‌లు.

ఫార్ములా వన్ వార్షిక ఆదాయం ఇప్పుడు 300 కోట్ల డాలర్లు దాటింది. అందులో ప్రసార హక్కులు, స్పాన్సర్‌షిప్‌లతో పాటు ఆతిథ్య రుసుములూ ఒక ప్రధాన పద్దు. పైగా ఈ రుసుము ఏటా పెరిగేలా ఒప్పందాలు రాసుకోవడం ఆనవాయితీ. బ్రిటన్‌లోని సిల్వర్‌స్టోన్ ఉదాహరణ ఈ లెక్కను స్పష్టం చేస్తుంది. 2010లో 1.15 కోట్ల పౌండ్లుగా ఉన్న రుసుము ఏటా 5 శాతం పెరుగుతూ 2017 నాటికి 1.62 కోట్ల పౌండ్లకు చేరిందని సర్క్యూట్ యజమాని బ్రిటిష్ రేసింగ్ డ్రైవర్స్ క్లబ్ వెల్లడించింది. ప్రపంచంలోనే అత్యధికంగా జనం వచ్చే రేసుల్లో అదొకటి. అయినా 2015లో 28 లక్షల పౌండ్లు, 2016లో 48 లక్షల పౌండ్లు నష్టం వచ్చిందని చెబుతూ క్లబ్ 2017లో ఒప్పందం నుంచి వైదొలిగే నిబంధనను ప్రయోగించింది. తరువాత కొత్త షరతులపై 2019లో మరో ఒప్పందం కుదిరింది.

గ్యాలరీలు కిక్కిరిసిన సిల్వర్‌స్టోన్‌కే నష్టం వస్తే, రేసింగ్ చూసే అలవాటు ఇంకా కుదురుకోని దేశంలో టికెట్ల మీద ఆధారపడి రేసు నడపడం దాదాపు అసాధ్యం. ఎక్కడైనా ఎవరో ఒకరు తేడాను పూడ్చాల్సిందే. ఆ ఒకరు పర్యాటక ఆదాయం ఆశించే ప్రభుత్వం కావచ్చు, దేశ ప్రతిష్ఠ కోసం ఖర్చుకు వెనకాడని చమురు రాజ్యం కావచ్చు, భూమి విలువ పెరుగుతుందని లెక్క వేసుకున్న స్థిరాస్తి సంస్థ కావచ్చు. భారత్ మొదటిసారి ఎంచుకున్నది ఈ మూడో దారి.

గ్రేటర్ నోయిడా: భూమి మీద వేసిన పందెం

ఉత్తరప్రదేశ్‌లోని గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌ను జేపీ గ్రూప్ నిర్మించింది. జర్మన్ రూపశిల్పి హెర్మన్ టిల్కే గీసిన 5.125 కిలోమీటర్ల ఆ ట్రాక్‌ను డ్రైవర్లు మెచ్చుకున్నారు. 2011 అక్టోబరు 30న తొలి రేసు జరిగింది. 2011, 2012, 2013 మూడింటిలోనూ సెబాస్టియన్ వెటెల్ గెలిచాడు. 2013లో ఇక్కడే తన నాలుగో ప్రపంచ టైటిల్‌ను ఖాయం చేసుకున్నాడు. క్రీడాపరంగా చూస్తే ఆ సర్క్యూట్‌లో లోటేమీ లేదు.

జేపీ గ్రూప్ సిమెంటు, విద్యుత్తు, రహదారులు, గృహ నిర్మాణంలో ఉన్న సంస్థ. యమునా ఎక్స్‌ప్రెస్‌వే నిర్మించిందీ అదే. ఆ దారి పక్కన సుమారు 1,000 హెక్టార్ల ప్రత్యేక అభివృద్ధి ప్రాంతంలో సర్క్యూట్ ఒక భాగం మాత్రమే. చుట్టూ నివాసాలు, ఇతర క్రీడా సదుపాయాలు వస్తాయన్నది ప్రణాళిక. రేసు నష్టాన్ని భూమి లాభం పూడుస్తుందన్నది దాని వెనకున్న తర్కం. స్థిరాస్తి మార్కెట్ ఊపులో ఉన్నంతవరకు ఇది పిచ్చి లెక్కేమీ కాదు. అయితే మార్కెట్ మందగించేసరికి గ్రూప్ మొత్తం అప్పుల్లో కూరుకుపోయింది. తొలి ఏడాది రేసు రోజున 95,000 వరకు ఉన్నట్లు చెప్పిన ప్రేక్షకుల సంఖ్య రెండో ఏడాదికి 65,000 ప్రాంతానికి పడిపోవడం గాయం మీద కారంలా తోడైంది. ఐదేళ్ల ఒప్పందం మూడు రేసులతోనే ఆగింది. బకాయిల కారణంగా యమునా ఎక్స్‌ప్రెస్‌వే పారిశ్రామికాభివృద్ధి సంస్థ 2020లో ఆ భూకేటాయింపును రద్దు చేసింది. మాతృసంస్థ జయప్రకాశ్ అసోసియేట్స్ 2024 జూన్‌లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

ఇక్కడ గమనించాల్సిన తేడా ఒకటుంది. రేసుతో దేశానికి గుర్తింపు వస్తుందని అందరూ అన్నారు కానీ, కేంద్రం గానీ రాష్ట్రం గానీ ఆతిథ్య రుసుములో వాటా తీసుకోలేదు. పైగా 2009లోనే కేంద్ర క్రీడా శాఖ, ఫార్ములా వన్ క్రీడ కన్నా వినోద వ్యాపారానికే దగ్గరగా ఉందన్న వైఖరితో, రుసుము సొమ్మును విదేశాలకు పంపేందుకు జేపీ అడిగిన అనుమతికి అభ్యంతరం తెలిపింది.

క్రీడగా గుర్తించకపోతే ఏమవుతుంది?

పేరులో ఏముందిలే అనుకునే విషయం కాదిది. క్రీడా పోటీగా గుర్తింపు ఉంటే, పోటీ కోసం తాత్కాలికంగా వచ్చే సామగ్రికి కస్టమ్స్ మినహాయింపు దొరుకుతుంది. వినోద కార్యక్రమంగా పరిగణిస్తే ఆ మార్గం ఇరుకవుతుంది. ఫార్ములా వన్ జట్లు కార్లు, ఇంజిన్లు, టైర్లు, కంప్యూటర్లతో సహా వందల టన్నుల సామగ్రిని ఒక దేశం నుంచి మరో దేశానికి విమానాల్లో తీసుకెళ్తాయి. వారం పదిరోజుల్లో అదంతా తిరిగి వెళ్లిపోతుంది. ఇలాంటి సరుకుపై సుంకాలు, పూచీకత్తులు, కాగితాల జాప్యం ఉంటే, వరసగా రేసులున్న క్యాలెండర్‌లో ఒక్క రోజు తేడా కూడా పెద్ద చిక్కవుతుంది.

రెండోది వినోద పన్ను. అప్పటి ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన మినహాయింపును సవాలు చేస్తూ దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో, టికెట్ల ఆదాయంలో 25 శాతాన్ని ప్రత్యేక ఖాతాలో ఉంచాలని సుప్రీంకోర్టు తొలి రేసుకు కొన్ని రోజుల ముందు ఆదేశించింది. 2013లో పన్ను బకాయి ఉందంటూ రేసును ఆపాలన్న మరో పిటిషన్ సరిగ్గా రేసు వారంలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. కోర్టు రేసును ఆపలేదు. కానీ కార్లు గ్యారేజీల్లోకి చేరాక కూడా రేసు జరుగుతుందో లేదో తెలియని స్థితిని ఏ హక్కుదారూ రెండోసారి కోరుకోడు.

2017 తీర్పు: మూడు రోజుల రేసుకు శాశ్వత స్థావరం

అసలు దెబ్బ రేసులు ఆగిపోయాక తగిలింది. ఒప్పందంలో హక్కుదారైన ఫార్ములా వన్ వరల్డ్ చాంపియన్‌షిప్ లిమిటెడ్ బ్రిటన్‌కు చెందిన సంస్థ. 2011 సెప్టెంబరులో కుదిరిన ఒప్పందం ప్రకారం జేపీ స్పోర్ట్స్ దానికి 4 కోట్ల డాలర్ల రుసుము చెల్లించాలి. భారత్, బ్రిటన్ మధ్య ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం ఉంది. దాని ప్రకారం బ్రిటిష్ సంస్థ వ్యాపార ఆదాయంపై భారత్ పన్ను వేయాలంటే, ఆ సంస్థకు ఇక్కడ శాశ్వత వ్యాపార స్థావరం ఉండాలి. ఏడాదిలో మూడు రోజులు జరిగే రేసుకు స్థావరం ఎక్కడిదన్నది సంస్థ వాదన. వినడానికి సమంజసంగానే అనిపిస్తుంది.

2017 ఏప్రిల్ 24న సుప్రీంకోర్టు ఈ వాదనను తోసిపుచ్చింది. కోర్టు చూసింది రోజుల సంఖ్యను కాదు, నియంత్రణ ఎవరిదన్న సంగతిని. రేసుకు ముందు, తరువాత కలిపి కొన్ని వారాల పాటు సర్క్యూట్‌లోని కీలక ప్రాంతాల్లోకి ఎవరు రావాలో, ఏం జరగాలో హక్కుదారే నిర్ణయిస్తుంది. ప్రకటనలు, అతిథి గ్యాలరీలు, ప్రసార చిత్రీకరణ దాని అనుబంధ సంస్థల చేతుల్లో ఉంటాయి. ప్రమోటర్‌కు సర్క్యూట్ సొంతమే అయినా ఆ రోజుల్లో అక్కడ వ్యాపారం చేసేది విదేశీ సంస్థే. కాబట్టి బుద్ధ్ సర్క్యూట్ దాని స్థిర వ్యాపార స్థలమేనని, ఆ మేరకు వచ్చిన ఆదాయంపై ఇక్కడ పన్ను కట్టాలని తేలింది.

పన్ను సూత్రంగా ఈ తీర్పును తప్పుపట్టడం కష్టం. ఒప్పందంలోని షరతులన్నీ హక్కుదారు ఆధిపత్యాన్నే చాటుతున్నప్పుడు, పన్ను అడిగేసరికి తాను కేవలం అతిథినని చెప్పడం చెల్లదు. అయితే ఆచరణలో దాని ప్రభావం వేరే చోట పడుతుంది. ఇరవైకి పైగా దేశాల మధ్య ఎంపిక చేసుకోగల హక్కుదారు, పన్ను పోగా తన చేతికి ఎంత వస్తుందన్న లెక్కనే చూస్తుంది. పన్ను పెరిగితే రుసుమూ అంతమేరకు పెంచమంటుంది. అంటే భారం తిరిగి ప్రమోటర్ నెత్తిమీదికే వస్తుంది. కేంద్రం చట్టప్రకారం మినహాయింపు ఇస్తే తప్ప, భారత్‌లో రేసు నడపడం పోటీ దేశాల కన్నా ఆ మేరకు ఖరీదైన వ్యవహారంగానే ఉంటుంది.

మోటోజీపీ అనుభవాన్ని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2023 సెప్టెంబరులో అదే బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన రేసులో మార్కో బెజెక్కి గెలిచాడు. వీసాల జాప్యంతో కొందరు రైడర్లు ఆలస్యంగా చేరుకున్నారు. ఎండ తీవ్రత వల్ల ల్యాపులను 24 నుంచి 21కి తగ్గించారు. మరుసటి ఏడాది రేసును తొలగించి కజకిస్థాన్‌కు ఇచ్చారు. అక్కడా కుదరక చివరకు ఇటలీలోని మిసానోలో రెండో రేసు పెట్టారు. రేసు కోల్పోవడం భారత్‌కే ప్రత్యేకమైన బలహీనత కాదనడానికి ఆ కజకిస్థాన్ మలుపు చాలు.

హైదరాబాద్: ఒకే నగరం, రెండు ప్రయత్నాలు

ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పోటీ. 2014లో బీజింగ్‌లో మొదలైంది. దీనికి భారీ సర్క్యూట్ అవసరం లేదు. నగర వీధులకు అడ్డుగోడలు కట్టి రేసు నడుపుతారు. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున, ఎన్టీఆర్ మార్గ్, లుంబినీ పార్కు, సచివాలయం పరిసరాల్లో సుమారు 2.8 కిలోమీటర్ల ట్రాక్ వేశారు. 2023 ఫిబ్రవరి 11న జరిగిన రేసులో ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నిక్ కాసిడీకి రెండో స్థానం దక్కింది. జాగ్వార్ జట్టు డ్రైవర్లిద్దరూ ఒకరినొకరు ఢీకొని బయటికి పోవడం నాటి విశేషం.

ఈ రేసు వెనక ఆశించిన ప్రయోజనం స్థిరాస్తి కాదు, పరిశ్రమ. అదే వారంలో తెలంగాణ ప్రభుత్వం విద్యుత్ వాహనాల తయారీని ఆకర్షించేందుకు మొబిలిటీ వ్యాలీని ప్రకటించింది. రేసు వల్ల హైదరాబాద్‌కు దాదాపు 8.4 కోట్ల డాలర్ల ఆర్థిక ప్రయోజనం కలిగిందని ఫార్ములా ఈ తరఫున వెలువడిన అంచనా చెప్పింది. ఇలాంటి అంచనాలను ఎక్కడైనా కాస్త జాగ్రత్తగానే చదవాలి. హోటళ్లు, విమానయానం, ప్రచార విలువ అన్నీ కలిపి వేసే లెక్కలివి. ఆ ప్రయోజనం నగరంలో వేలమందికి పంచుకుపోతుంది. రుసుము చెల్లించే ఖాతాకు మాత్రం తిరిగి రాదు. దానికి ఎదురుగా రోజుల తరబడి నగరం నడిబొడ్డున రోడ్లు మూసివేయడం వల్ల ప్రయాణికులు పడ్డ అవస్థను ఎవరూ డాలర్లలోకి మార్చలేదు.

మొదటి ఏడాది ఒప్పందం త్రైపాక్షికం. ఫార్ములా ఈ నిర్వాహక సంస్థ, తెలంగాణ పురపాలక శాఖ, గ్రీన్‌కో గ్రూపునకు చెందిన ఏస్ నెక్స్ట్ జెన్ అందులో భాగస్వాములు. ప్రమోటర్ బాధ్యత ప్రైవేటు సంస్థది, రహదారులు, పౌర సదుపాయాలు ప్రభుత్వానివి. ఒక రేసు తరువాత ప్రమోటర్ తప్పుకుంది. ఆ స్థానంలోకి ప్రభుత్వ శాఖే నేరుగా వచ్చి 2023 అక్టోబరు 30న కొత్త ఒప్పందం చేసుకుంది. వ్యవహారం మొత్తం తిరిగిన మలుపు ఇదే. అప్పటిదాకా ప్రైవేటు పద్దులో ఉన్న నష్టభయం ఒక్క సంతకంతో ప్రజాధనం పద్దులోకి మారింది. అదీ శాసనసభ ఎన్నికల ప్రవర్తన నియమావళి అమల్లో ఉన్న నెలలో. డిసెంబరులో ప్రభుత్వం మారింది. కొత్త ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని కొనసాగించడానికి సుముఖత చూపలేదు. ఆతిథ్య ఒప్పందాన్ని పురపాలక శాఖ ఉల్లంఘించిందంటూ ఫార్ములా ఈ నోటీసు ఇచ్చి రేసును రద్దు చేసింది.

తరువాత 2024 డిసెంబరులో అవినీతి నిరోధక శాఖ కేసు నమోదు చేసింది. ఆర్థిక శాఖ, మంత్రివర్గం అనుమతులు లేకుండా హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ నిధుల నుంచి సుమారు 55 కోట్ల రూపాయలు చెల్లించారన్నది అందులోని ప్రధాన ఆరోపణ. అప్పటి పురపాలక శాఖ మంత్రి కె.టి. రామారావు, మరో ఇద్దరు అధికారుల పేర్లు ఎఫ్‌ఐఆర్‌లో ఉన్నాయి. ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ కూడా విచారణ చేపట్టింది. సొమ్ము నేరుగా నిర్వాహక సంస్థకే చేరిందని, రేసు నగరం చేజారకుండా తీసుకున్న విధాన నిర్ణయమే తప్ప ఇందులో అవినీతి లేదని రామారావు చెబుతూ వచ్చారు. ఎఫ్‌ఐఆర్‌ను కొట్టివేయాలన్న ఆయన పిటిషన్‌ను 2025 జనవరిలో హైకోర్టు తోసిపుచ్చగా, సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. ఆరోపణల నిజానిజాలు కోర్టులు తేల్చాల్సినవి. విశ్లేషణకు అవసరమైన సంగతి వేరే ఉంది. విదేశానికి పంపిన మొత్తంపై పడిన పన్ను భారం కూడా చివరకు చెల్లింపుదారు అయిన మహానగరాభివృద్ధి సంస్థ మీదే పడిందన్నది కేసులో ఒక అంశం. నోయిడాలో కనిపించిన పన్ను లెక్కే ఇక్కడా మరో రూపంలో తలెత్తింది.

హైదరాబాద్‌కు ఇది మొదటి అనుభవం కూడా కాదు. 2003 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఫార్ములా వన్ రేసును 2007 నాటికి హైదరాబాద్‌కు తేవాలని ప్రయత్నించింది. భూమిని గుర్తించడం, ఫార్ములా వన్ అధిపతి బెర్నీ ఎకిల్‌స్టోన్‌తో ప్రాథమిక అవగాహన వరకు వ్యవహారం వెళ్లింది. 2004 ఎన్నికల్లో ప్రభుత్వం మారాక అది ముందుకు సాగలేదు. పార్టీలు వేరు, పోటీ వేరు, ఇరవై ఏళ్ల అంతరం. తీరు మాత్రం అదే. రేసు ఒక ప్రభుత్వపు, ఇంకా చెప్పాలంటే ఒక నాయకుడి, ఆలోచనగా వచ్చింది. వచ్చే ప్రభుత్వానికి అది వారసత్వంగా వచ్చిన ఖర్చుగానే కనిపించింది. ప్రతిపక్షంలో ఉండగా విమర్శించిన ఖర్చును అధికారంలోకి వచ్చాక మోయడానికి ఏ పార్టీకైనా రాజకీయ కారణం ఉండదు.

మరికొన్ని దేశాలు ఏం చేశాయి?

సింగపూర్‌లో 2008 నుంచి రాత్రిపూట వీధి రేసు నడుస్తోంది. 2022లో కుదిరిన పొడిగింపుతో ఒప్పందం 2028 వరకు ఉంది. అక్కడ ఆమోదిత ఖర్చులో 60 శాతాన్ని ప్రభుత్వం భరిస్తుంది, మిగతాది ప్రైవేటు ప్రమోటర్ వంతు. ప్రభుత్వ వాటాలో కొంత రాబట్టుకోవడానికి రేసు రోజుల్లో హోటళ్ల గదుల ఆదాయంపై ప్రత్యేక సుంకం వేస్తారు. రేసు వల్ల గది అద్దె రెండింతలు చేసుకున్నవాడే రేసు ఖర్చులో కొంత కట్టాలన్న పద్ధతిది. పైన చెప్పుకొన్న ఇబ్బందికి, అంటే ప్రయోజనం అందరికీ పోయి భారం ఒకరి మీదే మిగలడానికి, దొరికిన సూటి పరిష్కారాల్లో ఇదొకటి.

సింగపూర్‌లోనూ రేసు చుట్టూ కేసు నడిచింది. మాజీ మంత్రి ఎస్. ఈశ్వరన్ ప్రజాసేవకుడిగా ఉంటూ బహుమతులు స్వీకరించిన నేరం ఒప్పుకోగా 2024 అక్టోబరులో కోర్టు ఏడాది జైలు శిక్ష విధించింది. ఆ బహుమతుల వ్యవహారంలో రేసు ప్రమోటర్ ఓంగ్ బెంగ్ సెంగ్ పేరు ఉంది. ఆయనకూ తరువాత జరిమానా పడింది. హైదరాబాద్ కేసుతో దీనికి ఆరోపణల్లో గానీ, దశలో గానీ పోలిక లేదు. పోల్చదగింది ఒకటే: దర్యాప్తు, విచారణ, శిక్ష అన్నీ జరుగుతున్నా రేసు ఒక్క ఏడాది కూడా ఆగలేదు. అక్కడ ఒప్పందం మంత్రి పేరున కాక పర్యాటక బోర్డు పేరున, బడ్జెట్ లెక్కలోకి ఎక్కిన పద్దుగా ఉంది.

మలేసియా మరో దారి ఎంచుకుంది. 1999లో ప్రభుత్వమే ముందుండి సెపాంగ్‌కు రేసు తెచ్చింది. రుసుము పెరిగి, టికెట్ల అమ్మకం తగ్గాక, ఒప్పందంలో ఇంకో ఏడాది మిగిలి ఉండగానే 2017 రేసుతో ముగించింది. అదే సెపాంగ్‌లో మోటోజీపీ మాత్రం కొనసాగుతోంది. ఆ దేశ ప్రభుత్వ చమురు సంస్థ పెట్రోనాస్ మెర్సిడెస్ కార్ల మీద ఇప్పటికీ కనిపిస్తుంది. రేసును వదిలేసి కారు మీద పేరు నిలుపుకోవడం చవకగా దొరికిన ప్రచారమని అనుకోవచ్చు.

వియత్నాం కథ హైదరాబాద్‌కు బాగా దగ్గర. హనోయిలో ట్రాక్ కట్టారు. 2020 ఏప్రిల్‌లో జరగాల్సిన తొలి రేసును కొవిడ్ ఆపింది. అదే ఏడాది నగర పాలక అధిపతి రేసుతో సంబంధం లేని కేసులో అరెస్టయ్యారు. 2021 క్యాలెండర్‌లో హనోయి పేరు లేదు. ఒక్క రేసూ జరగకుండానే ముగిసింది. దక్షిణ కొరియా యోంగామ్‌లో 2010 నుంచి నాలుగు రేసులు జరిగాయి. ఊళ్లకు దూరంగా కట్టిన సర్క్యూట్ నష్టాలను ప్రాంతీయ ప్రభుత్వం మోయలేకపోయింది.

ప్రేక్షకుల ఆదరణ ఉంటే రేసు ఉంటుందన్న వాదనకు జర్మనీ అడ్డుపడుతుంది. మైకేల్ షూమాకర్, వెటెల్ కలిపి 11 ప్రపంచ టైటిళ్లు గెలిచిన దేశమది. మెర్సిడెస్ స్వస్థలం. అయినా జర్మన్ గ్రాండ్‌ప్రీ చివరిసారి జరిగింది 2019లో. మరుసటి ఏడాది కొవిడ్ సర్దుబాటులో న్యూర్‌బర్గ్‌రింగ్‌కు వేరే పేరుతో ఒక రేసు దక్కింది, అంతే. ప్రభుత్వం సొమ్ము ఇవ్వదు, సర్క్యూట్లు నష్టం భరించలేవు. ఆ మధ్యనున్న ఖాళీని అభిమానం పూడ్చలేకపోయింది.

ముందున్న దారులు

భారత్‌లో రేసింగ్ అభిమానులు పెరిగారనడంలో సందేహం లేదు. నారాయణ్ కార్తికేయన్, కరుణ్ చంధోక్ తరువాత ఫార్ములా వన్ గ్రిడ్‌పై భారతీయుడు లేకపోయినా, బెంగళూరు యువకుడు కుశ్ మైనీ 2025లో మొనాకోలో, ఫార్ములా వన్‌కు కింది మెట్టయిన ఫార్ములా టూలో స్ప్రింట్ (తక్కువ దూరపు) రేసు గెలిచాడు. ఆదరణ పెరుగుతోంది కాబట్టి రేసు తిరిగి రావాలన్న మాట ఏటా ఎవరో ఒకరు అంటారు. బుద్ధ్ సర్క్యూట్ భవితవ్యం జేపీ దివాలా పరిష్కారంతో ముడిపడి ఉంది. కొత్త యజమాని ఎవరైనా, ట్రాక్‌ను తిరిగి అంతర్జాతీయ ప్రమాణాలకు తేవడం డబ్బుతో అయ్యే పనే. అంతకన్నా చిక్కైనవి పన్ను మినహాయింపు, రుసుము వాటా. మొదటిది కేంద్రం చేతిలో, రెండోది ఎక్కువగా రాష్ట్రం చేతిలో ఉన్నాయి. ఈ రెండూ ఒకే కాలంలో, ఒకే మాట మీద నిలవాలి.

చిన్న స్థాయిలో ఇంకో ప్రయోగం జరిగింది. చెన్నైలోని ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ 3.5 కిలోమీటర్ల వీధి ట్రాక్‌పై 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో రాత్రి రేసులు జరిగాయి. 2023 డిసెంబరులో జరగాల్సినవి మిచాంగ్ తుపాను వల్ల వాయిదా పడ్డాయి. అవి దేశీయ పోటీలు. అందులో ఆడే హైదరాబాద్ జట్టు యజమాని నటుడు నాగచైతన్య. విదేశీ హక్కుదారుకు కోట్ల డాలర్ల రుసుము, దానిపై పన్ను అనే బెడద ఇక్కడ లేదు. కానీ ప్రజాధనంతో వీధి రేసు ఎందుకన్న ప్రశ్న మాత్రం వెంటనే మద్రాసు హైకోర్టుకు వెళ్లింది. షరతులతో అనుమతి వచ్చింది. ఆ వాదనలు రేసుకు ముందే కోర్టులో జరగడం ఒక విధంగా మేలే చేసింది. హైదరాబాద్‌లో రేసు పోయాక, ఎఫ్‌ఐఆర్ రూపంలో ఎదురైన ప్రశ్నలే అవి: ఎవరి అనుమతితో, ఏ పద్దు నుంచి, ఎన్నేళ్లకు, నష్టం వస్తే ఎవరు కట్టాలి.

తెలంగాణ గానీ, ఆంధ్రప్రదేశ్ గానీ మళ్లీ ఇలాంటి పోటీని ఆహ్వానించాలనుకుంటే, మొదట ఎదురయ్యేది ఈ కేసు నీడే. ఇది తేలేదాకా విదేశీ చెల్లింపు ఫైలు మీద సంతకం చేయడానికి ఏ అధికారైనా వెనకాడటం సహజం. హక్కుదారు సంస్థలు కూడా ముందుగానే బ్యాంకు హామీలు, రద్దు పరిహారాలు అడుగుతాయి. అంటే మునుపటి కన్నా ఖర్చు పెరుగుతుంది. రుసుమును బడ్జెట్‌లో ప్రత్యేక పద్దుగా చూపి, శాసనసభ ఆమోదంతో బహుళ సంవత్సరాలకు కట్టుబడితే తప్ప, ఎన్నికల క్యాలెండర్‌ను దాటి నిలిచే ఒప్పందం కుదరదు. రేసుకు అంత ఖర్చు తగునా అన్న చర్చ జరగాల్సిన చోటు కూడా ఆ సభే. చర్చ జరిగాక వద్దనుకున్నా, నష్టపోయేది ఒక రేసు మాత్రమే.